మా ఇంటి వెలుతురుకు సరిపోయిన లెన్స్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు చదువు గురించి రాద్దామనుకున్నాను. కానీ మొన్న సెలవుల్లో హాస్టల్‌కు వస్తే తమ్ముళ్లంతా నా మెడలోని కెమెరా చుట్టూ మూగారు. "అన్నా, ఎంత పడ్డది? ఎన్ని మెగాపిక్సెల్సు? ఎంత దూరం జూమ్ అయితది?" అని ఒకటే ప్రశ్నలు. మొదట్లో నేనూ ఇవే అడిగి, ఆ జవాబులు నమ్మి మూడు వేలు పోగొట్టుకున్నాను. అందుకే ఆ సంగతే రాస్తున్నాను.

నేను ఐదో తరగతిలో ఇక్కడ చేరినప్పుడు మరిపెడ వరంగల్ జిల్లాలో ఉండేది. 2016లో మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఇక్కడ చదివిన అన్నేళ్లకూ కలిపి, పాస్‌పోర్టు సైజువి తీసేస్తే నాకున్న ఫొటో ఒక్కటే, పదో తరగతి గ్రూపు ఫొటో. అందులోనూ వెనక వరుసలో నా ముఖం సగమే కనబడుతుంది. ఇంట్లో అది కూడా లేదు. మా తాత చనిపోయినప్పుడు దినాలకు ఫ్రేము కట్టిద్దామంటే ఒక్క ఫొటో దొరకలేదు. చివరికి పాత రేషన్ కార్డు మీది కుటుంబం ఫొటోలో నుంచి గోరంత ముఖాన్ని స్టూడియోలో పెద్దది చేయించాం. కళ్లుండాల్సిన చోట రెండు నల్లమచ్చలు వచ్చాయి. నాయినమ్మ రోజూ దానికే దండం పెట్టుకుంటుంది. ఆమెకూ ఎనభై దాటాయి. కనీసం ఆమెదైనా ఒక మంచి ఫొటో తీసి ఉంచాలని పీజీలో చేరినప్పుడే అనుకున్నాను.

సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెప్పి రెండేళ్లలో ముప్పై వేలు కూడబెట్టాను. ఆ పైసలతో వంటింటి రేకులు మార్పించవచ్చని అమ్మ ఒక్కసారి అన్నది, మళ్లీ అనలేదు. ఆ ఒక్కసారి అన్నదే ఇప్పటికీ వానపడినప్పుడల్లా గుర్తొస్తుంది.

ఫోన్ ఉండగా కెమెరా ఎందుకని మీరు అడగవచ్చు. ఎండలో ఫోన్ చాలు. మసక వెలుతురులో మాత్రం ఫోన్ తనకు అందని వివరాలను సొంతంగా సరిచేసి ముఖం నున్నగా చేస్తుంది. నాయినమ్మ ముఖంలో ముడతలు పోతే ఇక నాయినమ్మ ఏముంది? కెమెరా సెన్సర్ పెద్దది. నేను కొన్న రకంలో సుమారు 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.6 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. కొత్తవి నాకు అందే ధరలో లేవు. అయితే 2018లో నికాన్ జెడ్ మౌంట్‌తో, కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంట్‌తో అద్దం లేని కెమెరాలు తెచ్చాక చాలామంది అటు మారి, పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు అమ్ముకుంటున్నారు. అలా 2013లో వచ్చిన నికాన్ డి5300 మోడల్ ఒకటి, 18-55 లెన్స్‌తో కలిపి ఇరవై వేలకు దొరికింది. ఇరవై నాలుగు మెగాపిక్సెల్సు. ఇంకేం, పని అయిపోయిందనుకున్నాను.

ఇంటికెళ్లి మంచం మీద కూర్చోబెట్టి తీస్తే అన్నీ అలుక్కుపోయినట్టు వచ్చాయి. మా ఇల్లు ఒకే గది, వెలుతురంతా ఒక్క తలుపులో నుంచే రావాలి. ఆ లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. కెమెరా సెకనులో ఆరో వంతు సేపు చూడాల్సి వచ్చేది. లెన్స్‌లో ఉన్న వీఆర్ నా చేతుల వణుకును ఆపుతుంది గానీ, వయసు వల్ల ఊగే నాయినమ్మ తలను ఆపలేదు కదా. ఐఎస్‌ఓ పెంచితే ముఖమంతా ఇసుక చల్లినట్టు అయింది.

ఎఫ్/1.8 లెన్స్ అయితే ఎఫ్/5.6 కంటే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. సెకనులో ఆరో వంతు కాస్తా అరవయ్యో వంతు అవుతుంది. ఈ లెక్క తెలిశాక తొందరపడి 50 ఎఫ్/1.8డి అనే పాత లెన్స్‌ను ఆరు వేలకు కొన్నాను. చౌకగా వచ్చిందని సంబరం. గదికి వచ్చి తగిలిస్తే ఫోకస్ కదలదు! ఆ 'డి' రకం లెన్స్‌లలో మోటారు ఉండదు, కెమెరాలోని మోటారే వాటిని తిప్పాలి. డి3000, డి5000 వరుసల కెమెరాల్లో ఆ మోటారు లేదు. వాటికి ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి అని రాసి ఉన్న లెన్స్ కావాలి. (కెనాన్ ఈఎఫ్ లెన్స్‌లకు 1987 నుంచీ మోటారు లెన్స్‌లోనే ఉంది కాబట్టి అటు వెళ్లేవాళ్లకు ఈ తిప్పలు లేవు.) అమ్మినతను వెనక్కి తీసుకోలేదు. తప్పు నాదే, చదవకుండా కొన్నాను.

చేత్తోనే ఫోకస్ తిప్పుకుందామని మళ్లీ ఇంటికి పోయాను. అప్పుడు ఇంకో చిక్కు. మా చిన్న సెన్సర్ మీద 50 లెన్స్ 75 లాగా దగ్గరగా చూపిస్తుంది. నా వీపు గోడకు ఆనింది, నాయినమ్మ తల వస్తే పాదాలు రావు. గోడను వెనక్కి జరపలేం కదా!

అప్పుడు పెళ్లిళ్లకు ఫొటోలు తీసే మరిపెడ అన్న ఒకాయన్ని కలిశాను. నా కెమెరా వంక కూడా చూడలేదు. "నువ్వు తీసే మనిషి ఎంత దూరంల ఉంటది, ఆడ ఎంత ఎలుగు ఉంటది, గీ రెండు చెప్పు తమ్మీ" అన్నాడు. పది అడుగుల గది, ఒక్క తలుపు అని చెప్పాను. "మరి గంత దూరం సూసే లెన్స్ ఎందుకు?" అన్నాడు. 70-300 జూమ్ కొనాలని కూడా నాకు ఆశ ఉండేది, ఆయన దగ్గర ఆ మాట ఎత్తనే లేదు. బడి గ్రౌండులో పగటిపూట కబడ్డీకి అది బాగానే పనికొస్తుంది, మా గదిలో మాత్రం దండగ.

వరంగల్‌లో పుట్టిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ పల్లెల్ని, బతుకమ్మను, మన ఆడవాళ్లను ఏళ్ల తరబడి తీశారు. 2022 జనవరిలో ఆయన మరణించాక ఆ ఫొటోలు వెతికి చూశాను. అవి దూరం నుంచి దొంగచాటుగా తీసినట్టు ఉండవు. పక్కన కూర్చున్నవాడు తీసినట్టుంటాయి. అన్న చెప్పిన దూరం లెక్క నాకు ఆ ఫొటోలు గుర్తొచ్చాక ఇంకా బాగా అర్థమైంది.

50ని మూడు వేలకు అమ్మేశాను. ఒక మిత్రుడి దగ్గర ఐదు వందలు అప్పు చేసి, ఏడున్నర వేలకు పాత 35 ఎఫ్/1.8జి ఏఎఫ్-ఎస్ డీఎక్స్ లెన్స్ కొన్నాను. ఈసారి ముందే వెనక నుంచి సెల్ టార్చి వేసి, లోపల సాలెగూడులాంటి బూజు ఉందేమో చూసుకున్నాను. వానాకాలంలో పెట్టెలో పడేసిన లెన్స్‌లకు అది పడుతుంది. ఇప్పుడు నాదాన్ని గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుతున్నాను.

ఆ ఆదివారం పొద్దున మంచాన్ని తలుపు దగ్గరికి జరిపాను. "గీ సీకట్ల ఏం పడ్తదిరా?" అంటూనే నాయినమ్మ కొంగు సర్దుకున్నది. మూడో ఫొటోలో కళ్లు, ముడతలు, చేతి మీది పచ్చబొట్టు, మంచం కింద పాదాలు, అన్నీ పడ్డాయి. వెనక తెరలో చూపించాను. చాలాసేపు చూసింది. తర్వాత గోడ మీదికి చెయ్యి చూపించి, "మీ తాతది సుత గిట్లనే తియ్యరాదు బిడ్డా" అన్నది.

ఏం చెప్పాలో తోచలేదు. ఫ్రేము దించి, అద్దం తీసి, తలుపు వెలుతురులో పెట్టి, అదే లెన్స్‌తో జాగ్రత్తగా తీశాను. కాగితం మీది గీతలు కూడా స్పష్టంగా వచ్చాయి. కళ్లు మాత్రం ఆ రెండు మచ్చలే. రెండు ఫొటోలూ మరిపెడలో ఒకే సైజులో కడిగించి, ఒకే రకం ఫ్రేములు కట్టించాను. గోడకు మేకులు నాయినమ్మే చూపించింది, ఎక్కడ కొట్టాలో.