జీవితాంతం మాత్రలేనా?

మలములో రక్తము పడే జబ్బు గురించి పత్రికలో రాయడానికి ఎవరికైనా సిగ్గుగానే ఉంటుంది. అయినా మన సంఘాల్లో కొందరు ఈ బాధను ఎవరికీ చెప్పుకోలేక, మొలలనో, వేడి చేసిందనో అనుకుంటూ ఏళ్లు గడుపుతున్నారు గనుక రాస్తున్నాను. నాకు 2014 నుండి ఈ జబ్బు ఉంది. దీనిని అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడతాయి. ఇది అంటువ్యాధి కాదు. మనల్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే మన పేగు మీద తిరగబడుతుంది. కెమెరా గొట్టముతో పేగు లోపల చూసి, చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేనే సంగతి తేలుతుంది.

ఆ రోజు సికింద్రాబాద్‌లో డాక్టరుగారు చెప్పిన వాటిలో నా భార్య మనసులో నాటుకున్నది ఒక్కటే: మందులు ఏళ్ల తరబడి వాడాలి. జ్వరమొస్తే మూడు రోజులు, టి.బి. అయితే ఆరు నెలలు, ఇదీ పల్లెల్లో పెరిగిన మాకు తెలిసిన లెక్క. ఒంట్లో బాగున్నా మింగుతూ ఉండమంటే అది మందా, అలవాటా?

ఇక సలహాలు మొదలయ్యాయి. మా చిన్నాయన ఊరి నుండి ఒక పొడి పొట్లం తెచ్చి, "ఇంగ్లీషు మందులు తింటే కిడ్నీలు పోతయి బిడ్డా" అన్నాడు. ప్రార్థన కూటమికి వచ్చే ఒక సహోదరుడు, "అయ్యగారూ, మీరే మాత్రలు మింగితే సంఘానికి ఏం సాక్ష్యం?" అన్నాడు. ఇద్దరిదీ ప్రేమే. కాని ఇద్దరి మాటనూ పరిశీలించవలసి వచ్చింది.

చిన్నాయన మాట పూర్తిగా అబద్ధం కాదు. ఈ జబ్బుకు ఎక్కువగా ఇచ్చే మెసలమైన్ మాత్ర అరుదుగా కొందరి కిడ్నీలను దెబ్బ తీస్తుంది. అందుకే అప్పుడప్పుడు క్రియాటినిన్ పరీక్ష చేయిస్తారు. దానికంటే పాతది సల్ఫాసలజైన్. స్వీడన్ దేశపు డాక్టరమ్మ నన్నా స్వార్ట్జ్ దానిని కీళ్ల జబ్బు కోసం తయారు చేయించింది, కాని అది పేగుకు కూడా పనికొచ్చింది. దానితో కొందరికి వికారం, తలనొప్పి వస్తాయి. మగవారిలో వీర్యకణాలు తగ్గుతాయి, మాత్ర మానితే మళ్లీ పెరుగుతాయి. పెళ్లయిన కొత్తలో ఉన్నవారికి ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ఆ మందులో పేగుకు మేలు చేసే భాగమేదో 1977లో ఆక్స్‌ఫర్డులో కనిపెట్టినవారిలో మన పొరుగు దేశమైన బంగ్లాదేశ్‌కు చెందిన డాక్టర్ ఆజాద్ ఖాన్ ఒకరు. ఆ భాగాన్ని విడిగా చేస్తే వచ్చినదే మెసలమైన్.

స్టెరాయిడ్ల సంగతి వేరు. మొదటి నెలల్లో నాకు ప్రెడ్నిసొలోన్ ఇచ్చారు. వారంలో రక్తం ఆగింది. నెల తిరిగేసరికి నా ముఖం గుమ్మడికాయలా అయింది, రాత్రి నిద్ర పోయింది, షుగరు పెరిగింది. సంఘములో తల్లులు మాత్రం "అయ్యగారు ఒళ్లు చేశారు" అని సంతోషించారు! అది ఏళ్ల తరబడి వాడదగిన మందు కాదు: ఎముకలు గుల్లబారతాయి, కంట్లో పొర వస్తుంది, లోపల అణగి ఉన్న టి.బి. లేస్తుంది. అలాగని ఒక్కసారిగా ఆపరాదు, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

మరి మందే లేకపోతే? ఈ ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. 1955లో ఇంగ్లండులో 210 మంది రోగుల మీద జరిగిన పరీక్షలో స్టెరాయిడ్ పుచ్చుకున్నవారిలో నూటికి 41 మందికి జబ్బు అణగింది, ఉత్తి మాత్ర పుచ్చుకున్నవారిలో నూటికి 16 మందికే. జబ్బు అణగిన తరువాత సల్ఫాసలజైన్ మానేసినవారిలో ఎక్కువ మందికి ఏడాది లోపలే తిరగబెట్టిందని, కొనసాగించినవారిలో ఎక్కువ మంది బాగున్నారని 1965లో మరో పరీక్షలో తేలింది. పైగా వాపు ఏళ్ల తరబడి ఉంటే పేగులో కాన్సరు భయం పెరుగుతుంది. ఎనిమిదేళ్లు దాటాక కొలనోస్కోపీ తప్పకుండా చేయించుకోమనడం అందుకే. మందు చేసే హాని చీటీ మీద అచ్చు వేసి ఉంటుంది. జబ్బు చేసే హానికి చీటీ ఉండదు.

చెట్ల మందులను నేను తీసిపారేయను. 2006లో జపానులో 89 మందికి మామూలు మాత్రలతో పాటు, కొందరికి పసుపులోని సారమైన కర్కుమిన్ రోజుకు 2 గ్రాములు ఇచ్చారు. ఆరు నెలల్లో జబ్బు తిరగబెట్టినది కర్కుమిన్ వాడిన 43 మందిలో ఇద్దరికే, వాడని 39 మందిలో 8 మందికి. సంతోషమే. కాని అది మాత్రలతో పాటు ఇచ్చినది, మాత్రలు మాన్పించి కాదు. కూరలో వేసే చిటికెడు పసుపుతో అంత సారం రాదు కూడా.

నీలిమందు కథ విన్నాక నాకు ఇంకా జాగ్రత్త వచ్చింది. నీలి ఆకు నుండి తీసే పొడిని చైనా, జపాను దేశాల్లో ఈ జబ్బుకు వాడతారు. అది నిజంగానే పని చేస్తుంది. కాని వాడినవారిలో కొందరికి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగే ప్రమాదకరమైన జబ్బు వచ్చింది. 2016 డిసెంబరులో జపాను ప్రభుత్వం హెచ్చరించింది. ఆకే గదా అంటే సరిపోదు. అమెరికాలోని బోస్టను దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉన్నట్లు 2004లో ప్రకటించారు. ఆయుర్వేదమంతా అంతేనని అనను. చిన్నాయన తెచ్చిన పొట్లం మీద మాత్రం పేరు లేదు, చేసినవాడి ఊరు లేదు. డాక్టరుగారికి చూపిస్తే, ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపినవి కూడా ఉంటాయన్నారు. గుణం త్వరగా కనబడటానికి ఒక్కోసారి కారణం అదే!

డాక్టర్లు మాత్రం మాట మార్చరా అంటారు కొందరు. మారుస్తారు. మన హైదరాబాదులోనే 1888, 1889లలో నిజాం ప్రభువు ఖర్చుతో క్లోరోఫారం మీద రెండు కమిషన్లు జరిగాయి. అది గుండెకు నేరుగా హాని చేయదని తేల్చాయి. తరువాత 1911లో లండనులో మరొకరు చేసిన పరిశోధనతో ఆ తీర్పు తప్పని తెలిసింది. తప్పు బయట పడింది ఎలా? లెక్క రాసి పెట్టారు గనుక. పొట్లం పొడికి ఆ లెక్క రాసినవాడెవరూ లేడు.

సాక్ష్యం అడిగిన సహోదరునికి హిజ్కియా రాజును జ్ఞాపకం చేశాను. ఆయన కన్నీటి ప్రార్థనకు దేవుడు 15 సంవత్సరాల ఆయుష్షు పెంచాడు. అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించవలసిందే అయింది. ఆ సహోదరుడు ఒప్పుకున్నాడో లేదో తెలియదు, నాకోసం ప్రార్థించడం మాత్రం మానలేదు.

రెండేళ్ల క్రితం జబ్బు మళ్లీ లేచింది. ఈసారి అజాథయోప్రిన్ మొదలుపెడదామన్నారు. ఇది నిజంగా తూచవలసిన మందు. రక్తములో తెల్ల కణాలు పడిపోవచ్చు, మన ఆసియా వారిలో కొందరికి పుట్టుకతోనే ఆ ముప్పు ఎక్కువ. ఒక రకం కాన్సరు ముప్పు కూడా కొద్దిగా పెరుగుతుంది. వద్దంటే స్టెరాయిడ్లే పదే పదే వాడాలి. నా భార్యా నేనూ వారం రోజులు నిద్ర లేకుండా మాట్లాడుకున్నాం. ఆమె తన ప్రశ్నలన్నీ పాత క్యాలెండరు వెనుక రాసి తెచ్చింది. డాక్టరుగారు ఒక్కొక్కదానికి జవాబు చెప్పి, ఆ జన్యు పరీక్ష చేయించి మొదలుపెట్టారు. మొదట్లో రెండేసి వారాలకు, ఇప్పుడు మూడు నెలలకొకసారి రక్త పరీక్ష. ఆ అంకెలన్నీ ఆమె నోటుబుక్కులో ఉన్నాయి.

చిన్నాయన పొడి మాట ఇప్పుడు ఎత్తడు. పరీక్ష రోజు సాయంత్రం మాత్రం ఊరి నుండి ఫోను చేస్తాడు: "ఈసారి తెల్ల కణాలు ఎన్నొచ్చినయి బిడ్డా?"