ఎడారి అడుగున చెమ్మ

అరిజోనాలో వానాకాలం ఉందంటే మా వైపు ఎవరూ ఓ పట్టాన నమ్మరు. ఉంది. అక్కడివాళ్లు కూడా దాన్ని మాన్సూన్ అనే అంటారు. వాతావరణ శాఖ లెక్కలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా. 2020లో దాదాపు ముఖం చాటేసిన వానలు 2021లో బాకీ తీర్చుకున్నట్టు కురిశాయి. టూసాన్ ఊళ్లో ఆ జులై ఒక్క నెలలోనే 20 సెంటీమీటర్ల పైచిలుకు పడింది. ఆ ఊరి రికార్డుల్లో అంతగా తడిసిన నెల మరొకటి లేదు. నేను వెళ్లింది ఆ తర్వాతి ఆగస్టులో.

చాండ్లర్‌లో ఉండే మా తమ్ముడికి కొండగుహల్లో దిగే సరదా ఉంది. హెల్మెట్, మోకాళ్లకు తొడుగులు, తలకు దీపం అన్నీ ఉన్నాయి. ఆ నెల మాత్రం వాటిని బయటికి తీయలేదు. ‘ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది అన్నయ్యా. ఎక్కడో కొండమీద కురిసిన నీళ్లు వచ్చి మీద పడతాయి. గుహలో ఉంటే పారిపోవడానికి చోటుండదు’ అన్నాడు. వాళ్లు ‘వాష్’ అనే ఎండు వాగుల సంగతీ అంతే. బారికేడ్లు పెట్టినా వరద నీటిలోకి బండి దింపి చిక్కుకున్నవాడి నుంచే కాపాడిన ఖర్చు రాబట్టుకోవచ్చని 1995లో అరిజోనా చట్టమే చేసుకుంది. అందుకని మేము నడకబాట, దీపాలు ఉన్న గుహకే బయల్దేరాం. టూసాన్ దాటాక బెన్సన్ దగ్గర దక్షిణానికి మళ్లితే, వెట్‌స్టోన్ కొండల పాదాన కార్ట్‌నర్ కేవర్న్స్.

దారి పొడుగునా ఎడారి పచ్చగా ఉంది. ఎండాకాలంలో ముళ్లకట్టెల మోపులా కనబడే ఒకోటియో మొక్క నిండా చిన్న చిన్న ఆకులు. కారు అద్దం దించగానే తడిసిన క్రియోసోట్ పొదల ఘాటు. ఆ వాసనే వాన వాసన అంటారు అక్కడివాళ్లు.

గుహలోకి ఒకదాని తర్వాత ఒకటిగా బరువైన తలుపులు. ముందుది మూసుకున్నాకే తర్వాతిది తెరుచుకుంటుంది. బయటి ఎండుగాలి లోపలికి దూరితే గుహ ఆరిపోతుంది; లోపల తేమ 99 శాతం దగ్గర ఉంటుంది మరి. మధ్యలో సన్నటి నీటి తుంపర మన మీద పడుతుంది. బట్టల నూగు లోపల రాలకుండా ఈ ఏర్పాటు. ఎవరి చెయ్యయినా పొరపాటున రాతికి తగిలితే గైడు అక్కడ గుర్తు పెడతారు, తర్వాత శుభ్రం చేస్తారు. మన చేతి జిడ్డు అంటిన చోట కొత్త రాయి సరిగా పేరుకోదు. ఇంత శ్రద్ధ చూసి నా మనసు నిండింది.

లోపల చినుకు చప్పుడు ఆగదు. ‘ఇది పోయిన నెల వానేనా?’ అని గైడును అడిగాను. కాదన్నారు, పైన పడిన నీరు రాయిలోంచి ఇంకి ఇక్కడికి దిగడానికి చాలా కాలం పడుతుందట. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. దారిలో సున్నపురాయిని కరిగించుకుంటుంది. గుహ గాలిలోకి వచ్చాక ఆ వాయువు వదిలిపోయి, నీటి బొట్టు అంచున సున్నం మిగులుతుంది. అట్లా బొట్టు మీద బొట్టుగా పేరుకున్నదే కుబ్లా ఖాన్ అనే స్తంభం, 58 అడుగుల ఎత్తు. 21 అడుగుల సోడా స్ట్రా కూడా అక్కడే ఉంది. లోపల బోలుగా, పైకప్పు నుంచి వేలాడే సన్నని రాతి గొట్టం అది.

ఇవన్నీ మిగిలాయంటే ఇద్దరు కుర్రవాళ్లు నోరు మెదపనందువల్లే. 1974లో గ్యారీ టెనెన్, ర్యాండీ టఫ్ట్స్ ఒక సన్నని రంధ్రంలోంచి వస్తున్న వెచ్చని తేమగాలిని పట్టుకుని లోపలికి దూరారు. పది అంగుళాల సందు అది. ఆ ప్రాంతంలో తెలిసిన గుహలను జనం ఎంత విరగ్గొట్టారో చూసినవాళ్లు కాబట్టి బయట చెప్పలేదు. గుహకు జనాడు అని మారుపేరు పెట్టుకున్నారు. 1978లో స్థలం యజమానులైన కార్ట్‌నర్ కుటుంబానికి చెప్పారు, వాళ్లూ గుట్టు కాపాడారు. 1988లో ప్రభుత్వం కొనేదాకా లోకానికి తెలియలేదు. ఆ తర్వాత కూడా తొందరపడలేదు; లోపలి గాలినీ నీటినీ కొలిచి, 1999 నవంబరులో తలుపులు తెరిచారు. కనిపెట్టడం అదృష్టం కావచ్చు; అన్నేళ్లు చెప్పకుండా ఉండటం గొప్పతనం.

బిగ్ రూమ్ అనే పెద్ద భాగం మాత్రం మేము చూడలేదు. ఏటా ఏప్రిల్ మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా దాన్ని మూసేస్తారు. ఆ నెలల్లో వెయ్యికి పైగా తల్లి గబ్బిలాలు అక్కడికి వచ్చి పిల్లల్ని కంటాయి. వాన తర్వాత పురుగులు ముసురుతాయి, వాటికి అదే తిండి. మనిషి టిక్కెట్టు కంటే గబ్బిలం కాన్పు ముందన్న ఆ పద్ధతి నాకెంతో నచ్చింది.

మనకూ నంద్యాల జిల్లాలో బెలూం ఉంది. 3,229 మీటర్ల పొడవు, అదీ కరువు సీమ కింద నీరు తొలిచిన గుహే. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దాని గురించి రాశాడు. 1982, 83ల్లో జర్మన్ గుహాన్వేషకుడు డేనియల్ గెబావర్ బృందం కొలిచింది. ఈసారి బెలూంకో, బొర్రా గుహలకో పిల్లల్ని తీసుకెళ్తే, లోపలికి అడుగుపెట్టే ముందే వాళ్లకు చెప్పండి: రాతిని ముట్టుకోవద్దు, దాని మీద పేరు రాయొద్దు.