చెక్కపలకమీఁది చందమామ

మన యిండ్లలోఁ బంచాంగము చూడనేర్చిన స్త్రీలు పలువురు గలరు. చిలకలపూడిలో నుండు మాకీ విద్య మఱింత యవసరము. కార్తికమున పాండురంగని యుత్సవములకు వచ్చు చుట్టములకు వంటచేయుటయు, పున్నమినాఁడు మంగినపూడి కేఁగి సముద్రస్నాన మొనర్చుటయు మాకుఁ బరిపాటి. అమావాస్యకును పున్నమికిని పోటు హెచ్చునని యిచ్చటి పల్లెకారుల పసిబిడ్డలు సైత మెఱుఁగుదురు.

ఇట్టి మాకు, పసిఫిక్ మహాసముద్రములోని ఈస్టరుద్వీపమునఁ దొరకిన చెక్కపలకల వృత్తాంతము మిక్కిలి యాప్తముగఁ దోఁచినది. ఆ లంకవారు తమ దేశమును రాపానుయి యందురు. పక్షులు, చేఁపలు, మనుష్యులు, నెలవంకలు బారులుతీర్చి చెక్కిన యా లిపికి రొంగొరొంగొ యని పేరు. ఒక వరుస ముగిసినంతనే పలకను తలక్రిందుగఁ ద్రిప్పి తరువాతి వరుస చూడవలయును. దానినిఁ బూర్తిగఁ జదివినవారు నేఁటికిని లేరు.

ఏల లేరు? 1862 డిసెంబరు మొదలు పెరూదేశపు నావలు వచ్చి దాదాపు 1,500 మందిని బానిసలుగఁ గొనిపోయినవి. లిపి నెఱిఁగిన పెద్దలును వారిలోఁ బోయిరి. మరలివచ్చిన కొలఁదిమందితో మశూచికము వచ్చినది. 1864లో ఐరో యను ఫ్రెంచి మతబోధకుఁడు ఇంటింట నీ పలకలనుఁ జూచెనుగాని, చదువువారినిఁ గానఁడయ్యెను. ఆ సంవత్సరముననే నవంబరు 1వ తేది రాత్రి, అమావాస్య గడచిన రెండు దినములకు, ఉప్పెన మా బందరుపైఁ బడి యించుమించు 30,000 మందినిఁ బొట్టనఁ బెట్టుకొన్నది. ఎన్ని పాటలు, ఎన్ని లెక్కలు వారితో మునిఁగెనో! అయినను మనకుఁ బంచాంగము చెప్పువారు మిగిలిరి. ఆ లంకకు మిగులలేదు.

తరువాతఁ గొన్నాళ్లకు తాహితిలోని జోసన్ బిషప్పుగారికి లంకవారు తలవెండ్రుకలతోఁ బేనిన త్రాడొకటి కానుకగఁ బంపిరి. త్రాడు చుట్టిన చెక్కయే యొక పలక! ఆయన మెటొరో యను లంకవానిచేఁ బలకలనుఁ జదివించెను. అతఁడు బొమ్మకొక మాటచొప్పునఁ బాడెనేగాని యర్థము కుదురలేదు.

1958లో జర్మనీ పండితుఁడు బార్తెల్ 'మామరి' యను పలకలోఁ గొన్ని వరుసలు చాంద్రమాసపు లెక్కయని చూపెను. 1990లో జాక్ గీ యను భాషాశాస్త్రజ్ఞుఁడు దానిని సవరించెను. లంకవారి నెలకు 28 రాత్రులు. చంద్రుని నెల ఇరువదితొమ్మిదిన్నర దినములు గావున, అక్కఱనుబట్టి చేర్చుకొనుటకు మఱి రెండు. మనకు అధికమాసము, వారికి అధికరాత్రి! శుక్లపక్షమునఁ జేఁపబొమ్మ తల పైకి, కృష్ణపక్షమున క్రిందికి. పున్నమిచోట నున్న బొమ్మ, ఆకసమునఁ బొయ్యి రాఁజేయు ముసలమ్మ యఁట. మనము కుందేలునుఁ జూచుచోట వారు వంటచేయు నవ్వనుఁ జూచిరి. పున్నమినాఁడైన నామెకుఁ బొయ్యి తప్పలేదుగదా యని మేము నవ్వుకొంటిమి.

ఇఁకఁ జుక్కల మాట. మనము పిల్లలకోడి యనియు, శాస్త్రులు కృత్తికలనియుఁ బిలుచు గుంపు ఆ సముద్రవాసులకు మతారికి. పెక్కు లంకలలో దాని యుదయమునుబట్టి సంవత్సరము నెంచిరి. పున్నమిచంద్రుఁడు ఆ కృత్తికలచెంత నుండుటచేతనే మన మాసము కార్తికమైనది. ఇది చూచి పలకలన్నియు జ్యోతిషగ్రంథములే యనువారు గలరు. 1932లో హెవెసీ యను నాయన యీ బొమ్మలను మొహెంజొదారో ముద్రలతోఁ బోల్చెను. నడుమ వేలమైళ్ల నీరు, మూఁడువేలేండ్లకుఁ బైఁబడిన కాలము! ముఖములు పోలినంతమాత్రాన వియ్యమందుదుమా? మా ముగ్గులోని చుక్కలకును ఆకసపుఁ జుక్కలకును లెక్క కుదుర్పఁబూనినఁ గుదురకపోదు. మామరి లెక్కను మేము నమ్ముటకుఁ గారణము వేఱు. 19వ శతాబ్దమున లంకవారి నోట విని వ్రాసికొన్న రాత్రుల పేర్ల పట్టిక, పలకమీఁది వంకల వరుసతో సరిపోవుచున్నది. ఆ పట్టిక లేనిచో నవి వట్టి వంకలే.

మా వీధిలోని ముదుసలులు పిల్లలకోడి యెంత యెత్తున నున్నదో చూచి రాత్రి యెంత గడచెనో చెప్పుదురు. వారు చెప్పు పేరులను మేమొక పుస్తకములో వ్రాసికొనుచున్నాము. గొల్లకావడి యేదని యడిగిన నిద్దఱు రెండు చోట్లఁ జూపిరి, రెంటిని వ్రాసికొంటిమి. గుడివాడ, దివిసీమల సోదరీమణులు తమ యిండ్లలో దేనిని గొల్లకావడి యందురో తెలిపినచో దానినిఁ జేర్చుకొందుము.