పాలపిట్ట పద్దు

శరదృతువును వర్ణింపని ప్రబంధము అరుదు. మబ్బులు తెల్లబాఱుట, కొలకులు తేటపడుట, హంసలు మానసమునుండి మరలి వచ్చుట, నెమలి మదముడిగి పింఛమును విడుచుట, ఇవియెల్ల కావ్యములు చదువుకొన్న స్త్రీలకు కంఠస్థములే. వీనిలో కల్పన యెంత, నిజమెంత యని మేము పలుమారులు తర్కించుకొంటిమి. తరచి చూడగా నిజమే హెచ్చు. తలపై రెండు నల్లని పట్టెలుగల హంసజాతి పక్షి యొకటి హిమాలయముల కావలి సరస్సులలో పిల్లలను జేసి, చలికాలమునకు దక్షిణాపథమునకు వచ్చుచున్నది. నెమలియు వర్షాంతమున నిజముగనే ఈకలు రాల్చుచున్నది. అయితే ఏ కవియు నే దినమున, నే చెఱువున, నెన్ని హంసలను జూచెనో వ్రాసి పెట్టలేదు.

పాలపద్దును చాకలిపద్దును తప్పక వ్రాయు చేతికి పక్షుల పద్దు భారమా? ఇట్లనుకొని మేము బతుకమ్మ దినములలో నొక నోటుబుక్కును పెన్సిలును గొని, పిల్లలతో గూడ శంషాబాదునుండి బయలుదేఱి, హిమాయత్ సాగరమును జూచుకొని చిలుకూరి మృగవనికి బోయితిమి.

శంషాబాదనగానే నేడు విమానములు తలపునకు వచ్చును. 2008 మార్చిలో తెఱవబడిన విమానాశ్రయము 5,000 ఎకరములకు మించినది. దాని చుట్టుపట్ల బీళ్ళు ప్లాట్లై, హద్దురాళ్ళు పాతబడియున్నవి. అట్టి యొక బీటిలో తంగేడు విరగబూచి యుండెను. లేతపచ్చని సీతాకోకచిలుకలు దాని యాకులపై వ్రాలుచు లేచుచుండెను. పూవు నుండగా ఆకుపై వ్రాలుటేల? ఆ జాతి గొంగళిపురుగులకు తంగేటియాకు భోజనము, గుడ్లుపెట్టు తల్లులవి. అచ్చట పూలు కోయుచున్న యొక ముసలమ్మను "గునుగు లేదా, అవ్వా?" యని యడిగితిమి. "యాడిది బిడ్డా! మక్కచేన్ల పొంటి కుప్పలుగ ఉంటుండె. చేన్లు పోయినయి, ఉన్నకాడ గడ్డిమందు కొడుతున్రు. నా మనుమరాలు బజార్ల కొన్నది" అని యామె చెప్పినది. పుస్తకమున "తంగేడు విస్తారము, గునుగు లేదు" అని వ్రాసికొంటిమి.

హిమాయత్ సాగరము 1908 నాటి మూసీ వఱద చేసిన వినాశము పిమ్మట, ఈసీ నదిపై కట్టబడి 1927లో పూర్తియైనది. మేము పోవునప్పటికి నిండుగా నుండెను. నిండిన చెఱువు కన్నులకు పండువే కాని, బురదలో మేయు పిట్టలకు తావుండదు. నీరు తీసినకొలదియే వాని రాక. గట్టురాళ్ళపై తోకలాడించుచు కాటుకపిట్టలు మూడు కనబడినవి. కవులు కన్నులకు పోల్చిన ఖంజనమిదియే. వరాహమిహిరుడు బృహత్సంహితలో దీని దర్శనఫలములకై యొక యధ్యాయమునే కేటాయించెను. తెల్లకనుబొమది యేడాది పొడుగున నిచ్చటనే యుండును. తెల్లమొగముదియు పసుపువన్నెదియు చలికాలపు చుట్టములు. కావున "కాటుకపిట్ట" యని యూరకొనక, ఏ వన్నెదో వ్రాయవలెను. తిథి యొక్కటియు చాలదు. అధికమాసము వచ్చిన యేట తిథులు వెనుకకు జరుగును. చుట్టము ముందు వచ్చెనో ఆలసించెనో తేల్చుటకు అక్టోబరు తేదీయే యక్కఱకు వచ్చును.

ఈ సాగరముల పరివాహ ప్రాంతమున కట్టడములను నిర్బంధించుచు 1996లో 111వ ఉత్తరువు వెలువడినది. 2022లో ఆ నిర్బంధములను తొలగించుచు మఱియొకటి వెలువడినది. ఏ పిట్ట యెచ్చట నుండెనో వ్రాత లేనిచో, రేపు పోయినదానికై యడుగుటకైన ఆధారముండదు. సాలిం అలీగారు 1931-32లో హైదరాబాదు సంస్థానమున తిరిగి పక్షులను గూర్చి వ్రాసియుంచుటచేతనే నేడు పోల్చి చూచుట సాధ్యమగుచున్నది. ఆయన యాత్రలలో భార్య తెహ్మీనాగారు తోడుండెడివారు. నేడు మనమంత దూరము తిరుగ నక్కఱలేదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమువారు 2002లో ప్రారంభించిన ఈబర్డ్ అను పద్దులో చేతిఫోనునుండియే జాబితాను చేర్చవచ్చును. అచ్చట "గుర్తించినవన్నియు వ్రాసితిరా?" యని యడుగుదురు. ఆ ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. అన్నిటిని వ్రాసిననాడు, జాబితాలో లేనిది కనబడలేదని తెలియును. ముచ్చటైనవానినే యేఱి వ్రాసిన, కాకి తగ్గిన సంగతి యెవరికిని తెలియదు.

మృగవని 1994లో జాతీయ వనముగా ప్రకటింపబడినది. సుమారు 900 ఎకరములు. చిలుకూరి బాలాజీకి పదునొకండు ప్రదక్షిణములు చేసి మరలు వేలమందిలో ఎందఱు దీని వైపు చూచెదరో! లోపల గడ్డి మోకాలెత్తు పెరిగియుండెను. మచ్చలజింకలు తొమ్మిది, అందొకదాని కొమ్ములపై మెత్తని తోలు ఇంకను వీడలేదు. తోకలేని మగనెమలిని జూచి పిల్లలు నవ్విరి. పొదపొదకు సాలెగూళ్ళు; ముందు నడచిన మావారి తలపాగా సాక్ష్యము.

ద్వారముకడ తీగపై పాలపిట్ట యొకటి యుండెను. కూర్చున్నంతసేపు మట్టివన్నె, మిడుతకై దిగినప్పుడు రెక్కలలో నీలము మెఱసినది. సంస్కృతమున చాషమనుదురు. 2014లో తెలంగాణమునకు రాష్ట్రపక్షి యైనది. దసరానాడు దీనిని జూచుట శుభమను ఆచారము మాకును ప్రియమే. కాని నగరమున కొందఱు దీనిని పట్టి, రెక్కలు కత్తిరించి, పంజరమున బెట్టి రూకలకు చూపుచున్నారు. ఇది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున నేరము. ఆ రూకలిచ్చు చేతులలో గాజుల చేతులు తక్కువ కావు. జమ్మిపూజకు ఊరి వెలుపలికి పోవునపుడు పొలము తీగలవైపు తలయెత్తిన, రూకయక్కఱలేని దర్శనము లభింపవచ్చును. లభింపనియెడల అదియు పద్దులో వ్రాయదగినదే.

మార్గశిరమున నీరు తీసిన పిమ్మట సాగరమునకు మరల బోదలచితిమి. చక్రవాకము లప్పటికి వచ్చునేమో చూడవలెను. రాత్రి దంపతులు విడిపోవుదురా లేదా యను సంగతి మాత్రము మేము తేల్చజాలము; దీపాలవేళకు ఇల్లు చేరవలెను గదా.