ముక్కూ మొహం తెలియని వాళ్ళ కోసం...

ముక్కూ మొహం తెలియని మనిషి పోతే మనం బాధపడటంలో అర్థం ఉందా? ఈ ప్రశ్న నాది కాదు, మా టీములో ఒక మిత్రుడిది. మనిషి మంచివాడే, కాకపోతే ప్రతిదానికీ లాజిక్కు కావాలంటాడు. అతని వాదన ఇదీ: ప్రపంచంలో రోజూ లక్షన్నర మందికి పైగా చనిపోతున్నారు. అందరి కోసం ఏడవడం ఎవరి వల్లా కాదు. కొందరి కోసమే ఏడిస్తే అది పక్షపాతం. పోయిందెవరో కూడా తెలియకుండా గ్రూపులో "ఓం శాంతి" అని పడేస్తే అది నటన. కాబట్టి తెలిసినవాళ్ళ కోసం మనం ఏడుద్దాం, తెలియనివాళ్ళని వాళ్ళ వాళ్ళకి వదిలేద్దాం.

వినడానికి బానే ఉంది. పైగా మన పెద్దవాళ్ళ పద్ధతి కూడా ఇంచుమించు ఇదే కదా అనిపిస్తుంది. మైల ఎన్నాళ్ళన్నది చుట్టరికాన్ని బట్టే లెక్క. మా ఇళ్ళల్లో అయితే దాయాదులకి పది రోజులు, దూరం పెరిగేకొద్దీ మూడు రోజులు, ఇంకా దూరమైతే తలస్నానంతో సరి. ఏమీ కానివాళ్ళకి అదీ లేదు.

కానీ చూశారూ, అదే పెద్దవాళ్ళు దారిలో శవయాత్ర ఎదురైతే పక్కకి జరిగి నిలబడతారు. పోయిందెవరని అడగరు, చేతులు జోడిస్తారు. దిక్కులేని శవానికి దహనం చేయిస్తే అశ్వమేధం చేసినంత పుణ్యమంటారు. అంటే ఏడుపు వేరు, మర్యాద వేరు అని వాళ్ళకి బాగానే తెలుసన్నమాట. ఏడవడానికి చుట్టరికం కావాలి, మర్యాదకి అక్కర్లేదు. మా వాడు ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నాడని నా అనుమానం.

సరే, చుట్టరికం లేకుండా మనం నిజంగా బాధపడిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథ్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒకడు జాతి ద్వేషంతో కాల్చి చంపాడు. ఆయన గార్మిన్‌లో ఇంజనీరు. మనలో చాలామందికి ఆయన పేరు కూడా అంతకు ముందు తెలియదు. అయినా ఆ వారమంతా మా క్యాంటీన్లో అదే మాట. ఎందుకంటే ఆయన మనలాంటివాడు. మన చదువు, మన వీసా బాధలు, ఆఫీసయ్యాక స్నేహితుడితో కాసేపు కూర్చునే మన అలవాటు. ఆయన కోసం బాధపడ్డామా, "రేపు నేనైతే?" అని మన కోసం బాధపడ్డామా అంటే రెండూ అనే చెప్పాలి. అదేం తప్పు కాదు, మనిషికి ముందు తన పోలికే కనబడుతుంది. 2025 జూన్ 12న అహ్మదాబాదులో ఎయిరిండియా విమానం కూలి 260 మంది పోయినప్పుడూ అంతే. మనమూ విమానాలెక్కుతాం కదా.

చిక్కల్లా పోలిక లేనిచోటే.

ఆ విమానం కూలిన 18 రోజులకి, జూన్ 30 సోమవారం ఉదయం, పాశమైలారం పారిశ్రామికవాడలో సిగాచీ ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీ పేలిపోయింది. మేముండే రుద్రారం నుంచి బండి మీద ఎంతో సేపు పట్టదు. రుద్రారం అనగానే చాలామందికి గణేశ్‌గడ్డ గుడి గుర్తొస్తుంది, లేకపోతే గీతం యూనివర్సిటీ. ఆ ముంబై హైవే మీదే పొద్దున్నే కాలేజీ బస్సులూ, మన ఆఫీసు కార్లూ, ఫ్యాక్టరీ షిఫ్టులకి వెళ్ళే జనమూ. ఏళ్ళ తరబడి ఒకే సిగ్నలు దగ్గర పక్కపక్కనే ఆగుతాం, ఒకరి మొహం ఒకరికి తెలియదు.

మొదటి సాయంత్రానికి పది పదిహేను మంది అన్న లెక్క మర్నాటికి ముప్ఫై దాటింది. చివరికి 46 మంది చనిపోయినట్టు నిర్ధారించారు. ఇంకో 8 మంది జాడ దొరకనే లేదు, వాళ్ళనీ కలిపితే 54. బీహారు, ఒడిశా, యూపీల నుంచి వచ్చినవాళ్ళున్నారు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. రక్తసంబంధీకులు డీఎన్‌ఏ నమూనాలిచ్చి పటాన్‌చెరు ఆసుపత్రి దగ్గర రోజుల తరబడి ఎదురుచూశారు. ఆ ఎనిమిది ఇళ్ళల్లో అయితే ఏడవడానికి శవం కూడా లేదు. వాళ్ళు మైల ఏ రోజు నుంచి లెక్కపెట్టుకోవాలి?

మా ఆఫీసులో దీని గురించి రెండు రోజులు మాట్లాడుకున్నాం. మూడో రోజు రిలీజు పనిలో పడ్డాం. విమానం గురించి మాత్రం నెల రోజులు మాట్లాడాం.

ఇంతకీ ఆ ఫ్యాక్టరీలో ఏం తయారయ్యేదో తెలుసా? మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. చెక్క గుజ్జు నుంచి తీసే తెల్లటి పొడి. చాలా మాత్రల్లో అసలు మందు ఉండేది కొంచెమే. దాన్ని బిళ్ళగా నిలబెట్టడానికి, రాలిపోకుండా పట్టి ఉంచడానికి కలిపే పదార్థాల్లో బాగా వాడేది ఇదే. రోజంతా మానిటరు చూసి తలనొప్పొచ్చిందని మనం వేసుకునే బిళ్ళలోనో, నాన్నగారి బీపీ బిళ్ళలోనో ఇలాంటి పొడి ఉండే అవకాశం చాలా ఎక్కువ. అక్కడి మనుషుల ముక్కూ మొహం మనకి తెలియకపోవచ్చు గానీ, అలాంటివాళ్ళ చేతిపని మన పొట్టలోకి వెళ్తోంది. వాళ్ళని పరాయివాళ్ళు అనడానికి నాకైతే నోరు రావడం లేదు.

ఆడమ్ స్మిత్ అంటే మనకి ఎకనామిక్సే గుర్తొస్తుంది గానీ, ఆయన 1759లో నీతి గురించి ఒక పుస్తకం రాశాడు. చైనా మొత్తం భూకంపంలో కూరుకుపోయిందని వింటే యూరపు మనిషి కాసేపు అయ్యో అనుకుని, ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడట. రేపు తన చిటికెన వేలు పోతుందంటే మాత్రం నిద్రే పట్టదట. ఇక్కడిదాకా మా మిత్రుడి వాదనే. కానీ స్మిత్ అక్కడ ఆగలేదు. ఆ వేలు దక్కడం కోసం అన్ని ప్రాణాలూ బలివ్వమంటే ఎవడైనా ఒప్పుకుంటాడా అని అడిగాడు. ఎవడూ ఒప్పుకోడు. అంటే మనకి ఎంత బాధ కలిగిందన్నది అవతలివాడి ప్రాణానికి కొలత కాదు.

మన భాషలోనే చెప్పుకుందాం. సర్వరు అరగంట పడిపోతే ఎవరూ ఏడవరు. కానీ కారణం తేల్చేదాకా ఊరుకోం, ఆర్‌సీఏ రాస్తాం, మళ్ళీ జరగదని నమ్మకం కుదిరేదాకా టికెట్టు మూయం. సర్వరుతో మనకేం చుట్టరికమని? 54 మంది పోయిన టికెట్టుని మాత్రం "ఓం శాంతి" అని మూసేస్తున్నాం.

కాబట్టి నా మటుకు నాకు తోచేదేంటంటే, తెలియనివాళ్ళ కోసం కన్నీళ్ళు రాకపోతే రాకపోనీ. తెచ్చుకుంటే నటనే అవుతుంది, అక్కడ మా వాడితో నాకు పేచీ లేదు. కానీ వాళ్ళని లెక్కలోంచి జారిపోనివ్వకుండా ఉండటం ఏడుపు కాదు, బాకీ. ఒలేథ్‌లో ఆ రాత్రి ఇయాన్ గ్రిల్లాట్ అనే ఆయన, శ్రీనివాస్‌తో ఏ చుట్టరికమూ లేకపోయినా, కాల్చినవాణ్ణి ఆపబోయి తనూ తూటా తిన్నాడు. మనల్ని అంత ధైర్యం ఎవరూ అడగడం లేదు. సిగాచీ కేసు వార్త పేపరు లోపలి పేజీలోకి వెళ్ళినా ఆగి చదవమనే అడుగుతున్నది.

ఇంకొకటి కూడా ఉంది. ఈసారి మీ ఆఫీసులో ఫైర్ డ్రిల్లు పెట్టి అందర్నీ కింద నిలబెట్టి లెక్కపెడతారు కదా, ఆ లెక్కలో హౌస్‌కీపింగ్ వాళ్ళూ, క్యాంటీన్ వాళ్ళూ ఉన్నారో లేదో ఒక్కసారి అడిగి చూడండి.