చూచి నేర్చుకొనుట

చేత పని తెలిసిన వైద్యుని, చేతులు కట్టుకొని నిలువుమనుట శిక్ష వంటిది. అట్టి శిక్షను మాయంతట మేమే కోరుకొని దరఖాస్తు పెట్టుకొంటిమి. పదునొకండేండ్లుగా కాకినాడలో పిల్లల వైద్యము చేయుచున్న మాకు, అమెరికాలోని యొక పిల్లల ఆసుపత్రిలో నాలుగు వారములు అబ్జర్వరుగా నుండవలెనని నిరుడు బుద్ధి పుట్టినది.

ఈ మాట విననివారికై కొంచెము చెప్పవలెను. అబ్జర్వరుగా పోయిన వైద్యుడు అచ్చటి పెద్దల వెంట రోగుల మంచముల కడకు పోవచ్చును, చర్చలు వినవచ్చును, ప్రశ్నలడుగవచ్చును. రోగిని ముట్టరాదు, మందు వ్రాయరాదు, కేసుషీటులో నొక్క యక్షరమైనను చేర్చరాదు. జీతము లేదు, చాలచోట్ల మనమే రుసుము కట్టవలెను. అచ్చట వైద్యము చేయుట కిది యర్హతయు కాదు. అందులకు వేరు పరీక్షలు కలవు. ఇక కాగితముల సంగతి: పట్టాల నకళ్లు, పెద్దల సిఫారసు ఉత్తరములు, టీకాల రుజువులు, క్షయ లేదను పరీక్ష, రోగుల రహస్యము కాపాడుదుమను సంతకము. చిన్ననాట మాకు ఆటలమ్మ పోసినదని మా యమ్మగారు చెప్పిన సాక్ష్యము చాలలేదు. రక్తపరీక్ష చేయించి చూపవలసి వచ్చినది.

ఇవన్నియు కూర్చుట సులభమే. కష్టమైనది కడపటి పుట. మీరేల రాదలచితిరో యొక పుటలో వ్రాయుడని యడిగిరి. మేము చూచిన రోగముల సంఖ్య, పొందిన బహుమతులు, చదివిన ప్రసంగములు అన్నియు నింపి యొక వ్యాసము వ్రాసితిమి. మా మామగారు బడి పంతులుగా నుండి విశ్రమించినవారు. కళ్లజోడు సవరించుకొని చదివి, కాగితము మా చేతికిచ్చి, "అమ్మాయీ, ఇన్ని తెలిసినదానివి! మరి అక్కడ నేర్చుకునేదేముంది?" అనిరి.

ఆ రాత్రి నిదుర పట్టలేదు. ఆరేండ్ల పిల్లవాడొకడు మనసున మెదలెను. వానికి ల్యుకేమియా యని తెలిసినప్పుడు, మా యలవాటు చొప్పున తండ్రిని వరండాలోనికి పిలిచి రోగము పేరు, చికిత్స రెండేండ్లకు పైబడి సాగవలెనను మాట చెప్పి, విశాఖపట్టణము పంపితిమి. తల్లి మంచము కడనే యుండెను. ఆడుమనిషి, తట్టుకొనలేదని మేమనుకొంటిమి. అనుకొన్నది కూడ నాడుమనిషియే! కొన్ని నెలలకు జ్వరము పోయినది, పిల్లవాడు ఆడుకొనసాగినాడు. తండ్రి కూలికై పొరుగూరు పోయినాడు. తగ్గినదిగదా యని తల్లి చికిత్సకు తీసికొనిపోలేదు. మరల మా కడకు వచ్చునప్పటికి రోగము తిరుగబెట్టినది. పిల్లవాడు దక్కలేదు. ఆ తల్లి యేడ్చి, యొక్క మాట యడిగినది: "ఇంకా మందు కావాలని నాతో ఎవరూ చెప్పలేదేమమ్మా?" ఆ ప్రశ్నకు నాడును మా కడ బదులు లేదు, నేడును లేదు.

మందు లేక చనిపోయిన పిల్లవాడు కాడు వాడు. ఆ మందు చరిత్రలో మనవాని చేయి కూడ కలదు. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టను చేరిరి. తరువాత లెడర్లే సంస్థలో వారి నాయకత్వమున తయారైన అమినోప్టెరిన్ అను మందునే, అదే బోస్టనులోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు ల్యుకేమియా పిల్లలకిచ్చి చూచిరి. 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించినదని 1948లో ప్రకటించిరి. ఆ గుణము కొద్దికాలపుదే. అయినను దారి తెరచినది. ఆ యేడే సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేడు మన మందుల దుకాణములలోను దొరకును. పిల్లలలో నెక్కువగా కనుపించు ల్యుకేమియా, మంచి చికిత్స పూర్తిగా జరిగినచోట, పదిమందిలో సుమారు తొమ్మండుగురిని విడిచిపెట్టుచున్నది. కొరతపడినది మందు కాదు, తల్లితో చెప్పవలసిన మాట.

కావున వ్యాసము చించివేసి మరల వ్రాసితిమి. పేరు చెప్పక ఆ పిల్లవాని సంగతి చెప్పి, మా తప్పును దాచక, యిట్లడిగితిమి: వైద్యులు పిల్లవాని గదిలోనే, తలిదండ్రుల యెదుటనే రోగమును చర్చించుట మంచిదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2003లో సిఫారసు చేసినది గదా, అది నిజముగా నెట్లు జరుగునో చూడగోరుచున్నాము. భయపడిన తల్లితో మొదటి మాట యెవరు పలుకుదురు? అర్థమైనదో లేదో యెట్లు తెలిసికొందురు? మా మామగారు చదివి, ఈసారి ఏమియు ననక, కవరుపై చిరునామా సరిచూచిరి.

ఆరు వారములకు జవాబు వచ్చినది: ఈ యేట స్థలము లేదు, పై యేట మరల పెట్టుకొనుడు. పెట్టుకొందుము. కాని యడిగిన ప్రశ్న పై యేటి వరకు మమ్ము ఊరకుండనిచ్చునా? మా గదిలో రెండవ కుర్చీ వేయించితిమి.

మొన్న నొక తండ్రి, భార్యను బయట నిలిపి, "ఆవిడకేం తెలుస్తుందండీ, నాతో చెప్పండి" అనెను. "మందు పోసేది ఆవిడే కదండీ, కూర్చోనివ్వండి" అంటిమి. ఆమె సంకోచించుచు కూర్చుండి, మేము చెప్పినది విని, మూడు ప్రశ్నలడిగినది. అందులో రెండు ఆ తండ్రికి తోచనివి. ఒకటి మాకును తోచనిది.

చదువరులారా, మీ యింట బిడ్డకు జబ్బు చేసిననాడు వైద్యుని గదిలోనికి పోవునదెవరు, గుమ్మము కడ నిలుచునదెవరు? ఒక్కసారి చూచుకొనుడు. దీనికి దరఖాస్తు అక్కరలేదు.