బెండతోటలో పల్లాకు తెగులు

శ్రీకాకుళము ప్రాంతమునుండి వచ్చి, 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరు సమీపమున మేము కాపురమేర్పఱచుకొని చాల యేండ్లయినది. ఈ యండమాను దీవులలో మన తెనుగు కుటుంబములు పెక్కులు గలవు. మన తీరమునకును దీవికిని నడుమ సుమారు 1200 కిలోమీటర్ల సముద్రము. ఓడ యాలస్యమైనచో కూరగాయల వెల పెరుగును. కావున పెరటిలో కాచిన నాలుగు కాయలే మాకు పెన్నిధి.

ఏటా దాదాపు 3000 మిల్లీమీటర్ల వర్షము గురియు నీ దీవిలో, వానలు వెనుకబట్టిన పిమ్మట, జనవరి మొదలు కొన్ని నెలలు కూరగాయలకు అనువైన కాలము. తెల్లదోమకును అదియే పండుగ. మొదట బెండయాకుల యీనెలు పసుపుబాఱి వలవలె కానవచ్చును. పిదప ఆకంతయు పాలిపోవును. కాయలు గిడసబాఱి, తెల్లబడి, పీచుదేఱును. దీనినే మన రైతులు పల్లాకు తెగులందురు.

దీనికి మూలము కంటికి గానరాని వైరస్. తెగులు సోకిన మొక్క రసమును బీల్చిన తెల్లదోమ మఱియొక మొక్కపై వ్రాలి దాని నంటించును. మన చేయి తగిలినంతమాత్రమున నది వ్యాపింపదు. ఆ కాయ దినిన మనుష్యులకు హానియు లేదు. అయినను ఒకసారి సోకిన మొక్కకు చికిత్స లేదు. వేపనూనె దోమను తగ్గించునేగాని, మొక్కలోని వైరసును బోగొట్టజాలదు.

మా పొరుగున నొక పిన్నిగారు బెండకాయలు బజారున నమ్మి మనుమరాలిని చదివించుచున్నారు. నిరుడు వారి తోటలో అయిదు మొక్కలు పసుపుబాఱినవి. "ఇంకను కాయుచున్న మొక్కను పెఱుకుటకు చేతులెట్లు వచ్చునమ్మా?" అని వారు కంట నీరు పెట్టుకొనిరి. "పిన్నిగారూ, ఆ అయిదింటిపై జాలిపడినచో తక్కినవాని కెవరు దిక్కు?" అంటిని. మఱునాడు తెల్లవాఱుజామున, దోమ చలికి మందగించియుండగా, ఇద్దఱము వానిని పెఱికి, గోనెసంచిలో మూసి, దూరముగా పాతిపెట్టితిమి. తరువాత మఱికొన్ని మొక్కలు పోయినను, తోటలో చాలభాగము నిలిచినది. మనుమరాలి చదువును సాగినది.

తెగులును దట్టుకొను విత్తనములు లేకపోలేదు. ఒకప్పుడు పేరొందిన పూసా సవాని కాలక్రమమున ఆ శక్తిని గోల్పోయినది. పిదప అడవిబెండ జాతితో సంకరపఱచి బెంగుళూరు పరిశోధనాలయమువారు అర్క అనామికను రూపొందించిరి. ఏ విత్తనమైనను కాపలా మానరాదు. ప్రతిదినము నీరు పోయునపుడు ఆకుల యడుగుభాగమును చూచుచు, పసుపురంగు జిగురు అట్టలను వ్రేలాడదీసి, తొలి రోగపు మొక్కను నాడే తొలగించుట మేలు. పెరడుగల సోదరీమణు లీ చిన్న విషయమును గమనింతురుగాక.